మేకు కొట్టిన మనిషి

"మా ఆయన నడుము పరంజా మీదికెళ్లి పడి ఇరగలే, జనార్దన్ అన్నా. మీరు రాసిన గీ కాయితంల ఇరిగింది. తండ్రేమో పరంజా ఎక్కిచ్చిండు, బిడ్డేమో పేరు కొట్టేసింది. ఇద్దరికిద్దరు సరిపోయిన్రు."

సాబెరా చెప్పులు విప్పలేదు. గడప అవతలే నిలబడి, చుట్టచుట్టిన కాగితాలను జనార్దన్ మొహానికి చూపించింది. ఆమె ఎక్కి వచ్చిన ఆటో గేటు ముందే ఉంది. ఇంజను ఆపలేదు.

జనార్దన్ ఇడ్లీ ప్లేటు ముందు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా పక్క కుర్చీకి తగిలించి ఉంది. మూడు గంటలకు కలెక్టరేట్‌లో సభ. ముందు వరుసలో కూర్చోవలసినవాళ్ల జాబితాలో ఆయన పేరు మూడోది.

"లోపలికి రా సాబెరా. వాకిట్ల నిలబడి మాట్లాడుడేంది?"

"లోపలికొస్తే చాయ్ ఇస్తరు. చాయ్ తాగినంక నాకు నోరు లేవది."

ఆమె కోపానికి కారణం ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. ఇరవై రెండు రోజుల కింద, కుల్చారంలో జనార్దన్ పొలంలో వేస్తున్న సినిమా సెట్టు మీది నుంచి ఆమె భర్త సిరాజ్ పడ్డాడు. వడ్రంగి. ఆ పనికి కుదిర్చింది జనార్దనే. ఎడమకాలికి స్పర్శ పోయింది. ఈ నెల దాటకుండా ఆపరేషన్ కాకపోతే ఆ కాలు ఇక లేవదని హైదరాబాద్ డాక్టర్లు తేల్చి చెప్పారు. కంపెనీ ఒక్క వారం దవాఖానాలో ఉంచింది. ఎనిమిదో రోజు చేతిలో ఒక ఉత్తరం పెట్టి ఇంటికి పంపింది.

సాబెరా చేతిలో ఉన్నది ఆ ఉత్తరమూ, దాని వెనక మరో మూడు పేజీలూ.

ఆ మూడు పేజీలు ప్రభుత్వానివి. సినిమాలకూ మీడియాకూ ప్రోత్సాహకం ఇచ్చే కొత్త పథకం ముసాయిదా. రాష్ట్రంలో సినిమా తీస్తే పెట్టిన ఖర్చులో కొంత సర్కారు తిరిగి ఇస్తుంది. బదులుగా కంపెనీ తన 'నిర్మాణ సిబ్బంది'కి బీమా చేయాలి, దెబ్బ తగిలితే వైద్యం చేయించాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఏది నిర్మాణం, ఎవరు సిబ్బంది? ఆ సంగతి 'నిర్వచనాలు' అని పేరు పెట్టి ఈ మూడు పేజీల్లో రాశారు. ఈ ఏడు తీస్తున్న సినిమాలన్నిటికీ ఇవే వర్తిస్తాయి. ఈ రోజు మూడు గంటలకు అభ్యంతరాలు వింటారు. తర్వాత వినరు.

"మహతీ, చదువు. నువ్వు రాసిందే గద. నాకూ తెల్గు చదువొస్తది. గని నీ నోటితోని వినాలె."

జనార్దన్ కూతురు మహతి కలెక్టరేట్‌లో కాంట్రాక్టు ఉద్యోగి. ఆఫీసుకు పోదామని బ్యాగు భుజానికి వేసుకుని, మెట్ల దగ్గరే ఆగిపోయింది. కాగితాలు అందుకుంది.  చదవడం మొదలుపెట్టింది.

"'నిర్మాణం అనగా కెమెరా మొదటిసారి నడిచిన దినము మొదలు చివరిసారి ఆగిన దినము వరకు జరుగు పని. నిర్మాణ సిబ్బంది అనగా ఆ దినములలో పనిలో ఉన్న వ్యక్తులు.'"

"ఆగకు. ఖర్చు సంగతి చదువు."

"'అర్హత గల వ్యయం అనగా రాష్ట్రంలో కొన్న సామగ్రిపై కెమెరా నడుచుటకు ముందు గాని, తర్వాత గాని పెట్టిన ఖర్చు. సెట్ల కొరకు వాడిన కలప, ప్లైవుడ్, రంగులు, మేకులు ఇందులో చేరును.'"

"మేకు ఉన్నది," అంది సాబెరా. "మేకు కొట్టినోడు లేడు. చెక్క ఎప్పుడు కొన్నా లెక్కకొస్తదట. చెక్క కోసినోడు మాత్రం కెమెరా నడిచినంకనే మనిషైతడట. మా ఆయన ఆషాఢంల పడ్డడు. కెమెరా శ్రావణంల వచ్చిందని కంపెనీ రాసింది. అందుకని ఆయన వాళ్లోడు గాదట. మరి ఎవలోడు? ఆ గోడ ఎవలు కట్టిన్రు, దయ్యాలా?"

"ఆ పిల్లనెందుకంటవ్?" జనార్దన్ ప్లేటు పక్కకు జరిపాడు. "అది హైదరాబాద్ల ఇంగ్లీషుల రాసిన్రు. మహతి తెల్గుల పెట్టింది, అంతే."

"ఎప్పుడు పెట్టింది?"

జనార్దన్ కూతురి వైపు చూశాడు. మహతి కాగితం అంచును వేలితో మడుస్తూ నిలబడింది.

"ఎనిమిది రోజులైంది చాచీ."

"అంటే ఆయన పడ్డంక."

"పడ్డంకనే. నాకు చాచానే యాదికొచ్చిండు. ఇది తప్పని సూపరింటెండెంట్‌కు చెప్పిన. నీ పని తెల్గు, తప్పొప్పులు నీ పని గాదన్నడు. నోరు మూసుకున్న."

సాబెరా ఆమెను తిట్టలేదు. తిడితే బాగుండేది.

వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని, కౌసల్య గోరుచిక్కుడు తుంచుతోంది. జనార్దన్ భార్య ఈ ఇంటి గొడవల్లో మాట్లాడే మనిషి కాదు. భర్త మాట్లాడతాడు, ఆమె కూర వండుతుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా అంతే. తల ఎత్తకుండానే అడిగింది.

"కెమెరా శ్రావణంల వచ్చిందని ఎవలన్నరు?"

"కంపెనీ అన్నది వదినా. గిదుగో, రాసిచ్చిన్రు."

"ఆషాఢం రేపొస్తదనంగ ముహూర్తం పెట్టిన్రు గద. ఆషాఢంల మొదలువెట్టొద్దని ఆగమాగం చేసిన్రు. అప్పటికి సెట్టు సగం గూడ లేవలే. కొబ్బరికాయలు, హారతి పళ్లెం నేనే పంపిన."

"అది పూజ," అన్నాడు జనార్దన్.

"పూజకు క్లాప్ కొడతరా?"

గోరుచిక్కుడు తుంచుతున్న చప్పుడు ఆగింది. మిగతా ముగ్గురూ ఒక్కసారే సోఫా మీది గోడ వైపు చూశారు.

అక్కడ పెద్ద ఫ్రేము ఉంది. దేవుడి పటం ముందు జనార్దన్ క్లాప్ బోర్డు పట్టుకుని నవ్వుతున్నాడు. మెడలో గంధపు దండ. పక్కన బొట్టు పెట్టి దండ వేసిన కెమెరా. నెల రోజులుగా ఆ ఇంటికి వచ్చినవాళ్లందరూ ఆ ఫోటో చూస్తున్నారు. మహతి దాని కిందే కూర్చుని ఆ మూడు పేజీలను తెలుగు చేసింది. సాబెరా కూడా పోయిన వారం దాని ఎదురుగానే కూర్చుని ఏడ్చి పోయింది.

ఎవరికీ తట్టలేదు. ఎందుకంటే ఆ రోజు అక్కడికి వెళ్లినవాళ్లందరూ దాన్ని 'పూజ' అనే అన్నారు. బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, పులిహోర తిని వచ్చారు. దేవుడి పటం మీద ఒక్క షాట్ తీయడం సినిమావాళ్ల ఆచారం. దాన్ని షూటింగ్ అని మనవాళ్లెవరూ అనుకోరు. మనం అనుకోమని కంపెనీకి తెలుసు. దేవుడి పటం చాటున నిలబడి సర్కారుకు అబద్ధం రాసింది.

సాబెరా అప్పుడు గడప దాటింది. చెప్పులతోనే హాల్లోకి వచ్చి ఫ్రేము దగ్గరగా నిలబడింది. జనార్దన్ తల వెనక, మసకగా, పరంజా మీద ఒక మనిషి. చేతిలో సుత్తి. సుత్తి గాలిలో ఆగి ఉంది. పెదాల మధ్య మేకులు.

"గీయనే," అంది. గొంతు తగ్గింది. "ఆ దినం ఇంటికొచ్చి మస్తు నవ్విండు. 'నోట్ల మేకులు పెట్టుకొని నన్ను బొమ్మ లెక్క నిలబెట్టిన్రే, సప్పుడు చెయ్యొద్దని గదమాయించిన్రు' అన్నడు."

ఆమె వెనక్కి తిరిగింది.

"కెమెరా నడవకుంటే సుత్తి ఎందుకు ఆపమన్నరు అన్నా?"

 జనార్దన్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలు కోసం చూశాడు. రోజూ తెచ్చి ఇచ్చే కౌసల్య పీట మీది నుంచి కదల్లేదు. లుంగీకి తుడుచుకున్నాడు.

"మీకు సంగతి సమజైతలేదు," అన్నాడు చివరికి. "కంపెనీ పథకంల పేరు రాపిచ్చుకున్నది ఆషాఢం నడుమ. పేరు రాపిచ్చుకోకముందే కెమెరా నడిచిందని తేలితే గవర్నమెంటు పైసా ఇయ్యది. గా ఫోటో బయటకొచ్చిందో, సెట్టు ఇప్పుకొని పోతరు. మన ఎనిమిదెకరాలల్ల స్టూడియో కడతమన్నరు. మెదక్ పేరు తెరమీదికొస్తది. ఎంతమందికి పని దొరుకుతది, ఎర్కేనా?"

"ఎవలకు దొరుకుతది అన్నా? కెమెరాకు ముందు చేసేటోళ్లకా, ఎనుక చేసేటోళ్లకా?"

"నేను అనూప్‌తోని మాట్లాడుత. ఆపరేషన్ చేపిస్త. నా మాట ఇది. ఫోటో ముచ్చట మాత్రం సభల తియ్యకుండ్రి."

అనూప్ కంపెనీ మేనేజరు. సిరాజ్ చేతిలో ఉత్తరం పెట్టినవాడు.

సాబెరా సోఫా చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ మాట ఆమెను ఊపలేదని ఎవరూ అనుకోవద్దు. ఇంట్లో మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. నెలలో ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. న్యాయం పొందడం కంటే కాలు కదలడం ముందు అనిపించడం తప్పు కాదు.

"రాసిస్తరా?" అని అడిగింది.

"మాటిస్తున్న గద."

"పరంజాకు అడ్డం తాడు కట్టిపియ్యమని ఆయన మిమ్మల్నే అడిగిండు. అప్పుడు గూడ మాటే ఇచ్చిన్రు."

బయట ఆటోవాడు హారన్ కొట్టాడు. ఎవరూ కదల్లేదు.

కదిలింది కౌసల్య. కొంగుకు చేతులు తుడుచుకుంది. సోఫా ఎక్కింది. ఫ్రేమును రెండు చేతులా పట్టి కొక్కెం నుంచి తీసింది. గోడ మీద నలుపలకలుగా వేరే రంగు బయటపడింది.

"అక్కడ పెట్టు కౌసల్యా."

"పెడత. సభ అయినంక."

"నీకేం తెలుసని..."

"కొబ్బరికాయలు ఎన్నో తెలుసు. పదకొండు. ఎన్నడు పంపిన్నో తెలుసు. నాకు గంతే తెలుసు, గంతే చెప్త."

జనార్దన్ కూతురి వైపు తిరిగాడు. "నీ నౌకరి కాంట్రాక్టుది. మర్సిపోకు."

"మర్సిపోలే బాపు. గందుకే ఎనిమిది రోజులు ఊకున్న."

*

సిరాజ్ తను చేసిన మంచం మీదే పడుకుని ఉన్నాడు. టేకు మంచం. చర్చి గంట వినబడే గల్లీలో రెండు గదుల ఇల్లు. పక్కన స్టూలు మీద మందులు, ఒక కొలత టేపు. టేపు ఎందుకో ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్లుగా జేబులో ఉన్న వస్తువు, చేతికి అందేలా పెట్టమన్నాడు.

మహతి ఫ్రేమును అతని ఛాతీ మీద నిలబెట్టి పట్టుకుంది.

"జర దగ్గరికి తే బేటా. ఆఁ. పటేలు ముంగట, నేను ఎనుక. ఎప్పటిదే." నవ్వబోయి నడుము పట్టేసి ఆగాడు. "మంచిగనే వచ్చిన్నా? నోరు తెరిస్తే ఇంకా మంచిగొద్దును. మేకులున్నయ్ గద."

"చాచా, ఈ ఫోటోతోని కెమెరా ముందే నడిచిందని తేలుతది. అప్పుడు నువ్వు సిబ్బందిల లెక్క."

"నేనొక్కణ్నే?"

"అంటే?"

"మొన్న రామాయంపేట దగ్గర ఏదో సీరియల్‌కు ఇల్లు లెక్క సెట్టు ఏసిన్రు. మావోళ్లు ఆరుగురు పోయిన్రు. వాళ్లు కొబ్బరికాయ కొట్టనేలేదు, సెట్టు అయినంకనే కెమెరా తెచ్చిన్రు. ఆడ ఎవలన్న పడితే? అందరికి ముహూర్తం ఫోటో దొరుకుతదా?"

 ఈ ప్రశ్న మహతి ఆఫీసులో ఎవరూ వేయలేదు. మూడు పేజీలు రాసినవాళ్లలో ఒక్కడైనా జీవితంలో పరంజా ఎక్కి ఉంటే ఆ ప్రశ్న అప్పుడే పుట్టేది.

"మరి ఏం రాయమంటవ్ చాచా? పని ఎప్పుడు మొదలైతది?"

సిరాజ్ కప్పు వైపు చూశాడు. చూడడానికి అతనికి వేరే దిక్కు లేదు.

"లారీకెళ్లి మొదటి చెక్క దించిన దినం నుంచి, అన్ని మేకులు పీకి, చెక్క మళ్ల లారీల ఏసేదాక. అదంత సినిమనే. ఆ నడుమ అక్కడ చెయ్యి పెట్టినోళ్లంత సినిమోళ్లే."

మహతి రాసింది. చదివి వినిపించింది.

"గంతే?" అంది సాబెరా.

"గంతే. దీనికి మూడు పేజీలెందుకు వాళ్లకు?"

అతను పడుకునే, వంకరగా సంతకం పెట్టాడు. సాబెరా పెట్టింది. మూడో గీత ఖాళీగా ఉంది. మహతి పెన్ను మూత పెట్టింది, తీసింది. తను తెలుగు చేసిన కాగితానికి తనే అభ్యంతరం రాస్తే రేపు ఆఫీసులో కుర్చీ ఉండదు. సాబెరా ఆమెను తొందర పెట్టలేదు. గిన్నెలో మందు బిళ్లలు వేస్తూ మొహం అటు తిప్పుకుంది.

మహతి సంతకం పెట్టింది. కింద 'అనువాదకురాలు' అని కూడా రాసింది.

*

కలెక్టరేట్ సమావేశ మందిరంలో ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన అధికారిణి మైకు ముందు కూర్చుని ఒక్కొక్క నిర్వచనం చదువుతోంది. 'స్థానిక సిబ్బంది'కి ఎవరూ లేవలేదు. 'అర్హత గల వ్యయం' దగ్గర ఒక హోటలాయన లేచి, గదుల కిరాయి కూడా చేర్చాలన్నాడు. వెంటనే రాసుకున్నారు. గదికి అంత త్వరగా చోటు దొరికింది.

ముందు వరుసలో జనార్దన్, పక్కన అనూప్. జనార్దన్ తెల్ల చొక్కా వేసుకున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూసి ఉంటే చివరి వరుసలో తన భార్య కనబడేది. ఇన్నేళ్లుగా మెదక్‌లో ఉంటూ కౌసల్య ఆ మెట్లు ఎక్కడం ఇదే మొదటిసారి.

"'నిర్మాణం'," అంది అధికారిణి. "అభ్యంతరాలు?"

సాబెరా లేచింది. అభ్యంతర పత్రం ఇచ్చింది. సిరాజ్ చెప్పిన మాటలను చూడకుండానే చెప్పింది. అధికారిణి తల ఊపింది. మంచి సూచన, పరిశీలిస్తామంది. పరిశీలిస్తామంటే ఏమిటో ఆ హాల్లో కూర్చున్న అందరికీ తెలుసు. సాబెరా కూర్చోలేదు.

"పరిశీలించేలోపల మా ఆయన కాలు పోతది మేడమ్. సరే, మీ మాటే పట్టుకుంట. కెమెరా నడిచిన దినం నుంచి అన్నరు గద. మా ఆయన పడకముందే నడిచింది."

ఫోటో మహతి చేతి నుంచి బల్ల మీదికి వెళ్లింది. అధికారిణి కళ్లద్దాలు సవరించుకుంది. అనూప్ అప్పటికే లేచాడు.

"అది సెంటిమెంట్ మేడమ్. పూజ. మా ఇండస్ట్రీలో అందరూ చేస్తారు. కెమెరాకు బొట్టు పెట్టాం, దండ వేశాం. నడపలేదు. ఆమె బాధలో ఉన్నారు, అర్థం చేసుకోగలం."

"నడపకుంటే మా ఆయన సుత్తి ఎందుకు ఆపిన్రు?"

హాల్లో వెనక ఎవరో 'అడుగు, అడుగు' అన్నారు. అధికారిణి చెయ్యి ఎత్తి ఆపింది.

"ఫోటో చూస్తే కెమెరా ఉందని తెలుస్తుంది. నడిచిందని తెలియదు. గాయపడిన మనిషి మాట ఒక్కటే సరిపోదు. ఆ షాట్ తీసినప్పుడు అక్కడున్న వేరే సాక్షి ఎవరైనా ఉన్నారా? ఈ క్లాప్ పట్టుకున్న వ్యక్తి ఎవరు?"

 ఆ వ్యక్తి ఎవరో హాల్లో సగం మందికి తెలుసు. అనూప్ కూర్చున్నాడు. కూర్చుంటూ తన చేతిని జనార్దన్ కుడిచేతి మీద వేశాడు. తేలికగానే వేశాడు.

చివరి వరుసలో కౌసల్య లేచి నిలబడింది. భర్తను పిలవలేదు. నిలబడింది, అంతే.

సాబెరా బల్ల మీది ఫ్రేము తీసుకుంది. ముందు వరుస దాకా నడిచింది. జనార్దన్ మోకాళ్ల ముందు, ఆయన మొహం ఆయనకే కనబడేలా దాన్ని నిలబెట్టింది.

"అన్నా, పొద్దున మీ ఇంట్ల చాయ్ తాగలే. మీ మాట వద్దన్న. ఇప్పుడు అదే మాట అడుగుతున్న. కెమెరా నడిచిందా లేదా, లేచి మేడమ్‌కు చెప్పుండ్రి. సిరాజ్ పేరు సిబ్బందిల ఎక్కాలె, ఆపరేషన్ కంపెనీ చేపియ్యాలె. మొదటి చెక్క దిగిన దినం నుంచే పని అని గా కాయితం మీద దిద్దాలె. పరిశీలించుడు వద్దు, రేపు వద్దు. స్టూడియో కట్టినంక వద్దు. క్లాప్ కొట్టిన చెయ్యి మేనేజరు చేతి కిందికెళ్లి తియ్యుండ్రి. అందరు చూసేటట్టు ఎత్తుండ్రి. ఇప్పుడే."